“జర చూడమ్మా” అని చెప్పి పోతే

ఆ రాత్రి లేబర్ వార్డులో ఇద్దరం సిస్టర్లం, ఒక ఆయమ్మ. మంచాల మీద పందొమ్మిది మంది, కింద చాపలేసుకుని వాళ్ల అమ్మలూ అత్తలూ. చందంపేట దిక్కు నుంచి ఒక పిల్లను తెచ్చారు. తొలిచూలు, బీపీ 170/110, ఆటోలోనే ఒకసారి ఫిట్స్ వచ్చాయట. రాత్రి పదింటికల్లా మెగ్నీషియం సల్ఫేట్ లోడింగ్ డోసు, అంటే మొదటి పెద్ద డోసు ఇచ్చేసి, మూత్రానికి గొట్టం (కాథెటర్) వేసి, మూత్రం చేరే సంచిని, అదే యూరోబ్యాగ్‌ను మంచం పట్టెకు తగిలించాం. తర్వాతి డోసు రెండింటికి.

లేబర్ వార్డు సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. మెగ్నీషియం ఫిట్స్ రాకుండా కాపాడుతుంది గానీ ఒంట్లో ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది. అది బయటికి పోయేది మూత్రంలోనే. అందుకని ప్రతి డోసుకు ముందు మోకాలి మీద కొట్టి కాలు ఎగురుతుందో లేదో చూస్తాం, ఊపిరి నిమిషానికి 16కి తగ్గలేదని చూస్తాం, గడిచిన నాలుగు గంటల్లో మూత్రం గంటకు 30 మి.లీ. చొప్పునైనా వచ్చిందా అని లెక్క చూస్తాం. ఏ ఒక్కటి తేడా వచ్చినా సూది ఆపాలి. ఆపితే మళ్లీ ఫిట్స్ వస్తాయేమోనని భయం. రెండు వైపులా గొయ్యే.

పన్నెండు దాటాక ఇంకో కాన్పు ముంచుకొచ్చింది. గ్లవ్స్ వేసుకుంటూ ఉరుకుతుంటే ఆయమ్మ ఎదురైంది. “ఆ పిల్ల యూరోబ్యాగ్ జర చూడమ్మా” అన్నాను. ఎంత వచ్చిందో చూసి, వచ్చి నాకు చెప్పమని నా ఉద్దేశం. ఆమె పోయి చూసింది. బ్యాగులో చెంబెడు ఉంది. ఆమె ఇన్నేళ్లుగా యూరోబ్యాగ్‌ను ఏం చేస్తోందో అదే చేసింది, తీసుకెళ్లి పారబోసింది.

రెండింటికి అయిదు ఆంపూల్స్ విరిచి, మందు సిరంజిలోకి లాగి మంచం దగ్గరికొచ్చాను. బ్యాగులో 70 మి.లీ. ఉందేమో. నాలుగు గంటలకు డెబ్భయ్యే అంటే సూది వేయకూడదు. హ్యామర్ ఎక్కడుందో దొరకలేదు, స్టెతస్కోప్ అంచుతో మోకాలి మీద కొడితే కాలు బాగానే ఎగిరింది. ఊపిరి 18. మరి మూత్రం ఎక్కడికి పోయింది? ఆయమ్మను పిలిచి, పారబోశావా అని అడిగాను. “నేనేం ముట్టలే సిస్టరమ్మా” అంది.

డ్యూటీ డాక్టరమ్మను లేపాం. ఒక గంట ఆగి చూద్దాం, కాల్షియం గ్లూకోనేట్ పక్కన పెట్టుకోండి అన్నారు, మెగ్నీషియం ఎక్కువైతే అదే విరుగుడు. ఆ గంట నేను ఆ మంచం వదల్లేదు. పిల్ల కళ్లు ఎటు తిప్పినా, పెదవి కదిలినా ఫిట్స్ మొదలయ్యాయేమోనని నా గుండె ఆగినంత పనయ్యేది. మూడింటికి ఇంకో 50 వచ్చాక సూది వేశాం. తెల్లవారుతుండగా కాన్పయింది, తల్లీ బిడ్డా బాగున్నారు.

ఏడింటికి చాయ్ తాగుతుంటే ఆయమ్మ వచ్చి గోడకానుకుని నిలబడింది. “చెంబెడు ఉండె సిస్టరమ్మా. నేనే పారబోసిన. మొన్న అందరి ముంగట తిట్టినవ్ కదా, గందుకే చెప్పబుద్ధి కాలే.”

మొన్న అంటే వారం కింద. బకెట్ తన్నుకుని నీళ్లు ఒలకబోస్తే, పేషంట్ల ముందు, వాళ్ల చుట్టాల ముందు, నా కంటే పదేళ్లు పెద్దదని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అన్నాను. నేను మర్చిపోయాను, ఆమె మర్చిపోలేదు. ఆ తిట్ల బాకీ రాత్రి రెండింటికి ఎవరికో పుట్టిన పిల్ల తీర్చాల్సి వచ్చింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఇన్‌చార్జ్‌ని. లీడర్‌షిప్ మీద ట్రైనింగులు పెడుతుంటారు, వెళ్తుంటాను, స్లైడ్ల మీద కొండెక్కే మనిషి బొమ్మ, డేగ బొమ్మ ఉంటాయి. మధ్యాహ్నం బిర్యానీ బాగుంటుంది. మా వార్డులో లీడర్‌షిప్ అంటే ఏంటో నాకు తెలిసింది మాత్రం ఆ చెంబెడు మూత్రం దగ్గరే. ఒకటి, నేను చెప్పిన పని వాళ్ల చెవిలో ఏ పనిగా పడింది అన్నది నా పూచీ, వాళ్లది కాదు. రెండోది, తేడా జరిగినప్పుడు ఆ మాట నా దాకా నడిచి రావడానికి ఎంతసేపు పడుతుంది అన్నది. ఆ రాత్రి అయిదు గంటలు పట్టింది.

పని అప్పగించడం గురించి నర్సింగ్ పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది, అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి తెచ్చింది, మన కాలేజీల్లోనూ చెప్తారు. పని తగినదా, పరిస్థితి తగినదా, మనిషి తగినదా, చెప్పిన తీరు సరిగా ఉందా, తర్వాత చూసుకున్నామా అని అయిదు ప్రశ్నలు. పరీక్షలో రాయమంటే గడగడా రాసేదాన్ని. ఆ రాత్రికి ఆ అయిదూ పెట్టి చూసుకుంటే మొదటిది ఒక్కటే నిలబడుతుంది. బ్యాగులో ఎంతుందో చూసి చెప్పడం ఆయమ్మలకు ఇవ్వదగ్గ పనే. పరిస్థితి, మెగ్నీషియం మీదున్న పిల్ల, మామూలు పేషంట్ కాదు. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనిషి సంగతంటారా, ఆమెకు అంకెలు చదవడం రాదు. ఇన్నేళ్లు కలిసి పనిచేసి ఆ సంగతి నేను ఎప్పుడూ అడగలేదు, మనం అడగం, వాళ్లు చెప్పరు. చెప్పిన తీరు మీకు తెలిసిందే. తర్వాత చూసుకోవడం రెండింటికి గానీ జరగలేదు.

పరిస్థితి అనే మాటకి మా నల్గొండ జిల్లాలో ఇంకో ముఖం ఉంది. మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతిన్న పెద్దమనుషులు వస్తుంటారు, వెన్నెముక కర్రలా బిగుసుకుపోయి, మెడ తిరగక, తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవాళ్లు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పేషంట్‌ను పక్కకు తిప్పడం ఆయమ్మలు, పేషంట్ కేర్ వాళ్లు రోజూ చేసే పని. కొత్తగా చేరిన ఒక అబ్బాయికి “ఎనిమిదో బెడ్డు తాతను తిప్పు” అని చెబితే వాడు అందరిని తిప్పినట్టే భుజం, నడుం పట్టి తిప్పబోయాడు. తాత పెట్టిన కేక బయట కారిడార్‌లోకి వినిపించింది. అదృష్టం, ఏం విరగలేదు. ఆ ఎముకలు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ పెళుసు. మెడా వెన్నూ నడుమూ ఒకే దుంగలా, ముగ్గురు పట్టుకుని ఒకేసారి దొర్లించాలి. అదే పనిని మనిషిని బట్టి ఆయమ్మకు ఇవ్వొచ్చా, నేను దగ్గరుండాలా అన్నది మారిపోతుంది. డ్యూటీ చార్టులో “పొజిషన్ చేంజ్” అని ఒకటే గడి ఉంటుంది. ఆ గడి ఈ తాతను గుర్తుపట్టదు.

ఇక పుస్తకాల్లో లేనిది, మన ఆసుపత్రుల్లో అన్నిటికంటే పెద్దది, పేషంట్ తాలూకు మనిషి. మనం ఎక్కువ పని అప్పగించేది ఎవరికి? ఆయమ్మకు కాదు, వార్డ్ బాయ్‌కి కాదు, మంచం పక్కన స్టూల్ మీద కూర్చున్న అత్తకి, తమ్ముడికి. సెలైన్ అయిపోతే చెప్పమ్మా. ఈ బ్లడ్ శాంపిల్ ల్యాబ్‌లో ఇచ్చి రా తమ్మీ. జ్వరం ఉంటే తడి గుడ్డ వెయ్యి. జీతం లేదు, డ్యూటీ దిగడం లేదు, ఎవరూ నేర్పింది లేదు, పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆ స్టూల్ మీది మనుషులు ఒక రోజు రాకపోతే ఎన్ని వార్డులు నడుస్తాయో చెప్పమనండి.

వాళ్లకి చెప్పేటప్పుడు ఆ అయిదు ప్రశ్నల్లో ఒక్కటీ మనకు గుర్తుకు రాదు. పొద్దున ఆపరేషన్ ఉంటే రాత్రి పోతూ పోతూ “ఏం పెట్టొద్దు” అని చెప్తాం. తెల్లారి థియేటర్ బయట మత్తు డాక్టర్ అడుగుతారు, ఏమైనా తిన్నాడా అని. “ఏం తినలే సారూ, ఉత్త చాయ్ తాగిండు, రెండు బిస్కెట్లు అద్దుకున్నడు, గంతే.” కేసు వాయిదా. వాళ్ల మీద అరుస్తాం. ఆలోచిస్తే ఆమె తప్పేముంది? మన దగ్గర తినడమంటే అన్నం తినడం. మధ్యాహ్నం రెండింటికి ఎవరిని కలిసినా “తిన్నరా” అంటే అన్నం గురించే. చాయ్ ఆ లెక్కలోకి ఎప్పుడొచ్చింది? మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది, అందుకే చాయ్ కూడా వద్దు, బిస్కెట్ కూడా వద్దు అని కారణంతో చెప్పడానికి అర నిమిషం పడుతుంది. తండాల నుంచి వచ్చినవాళ్లయితే తెలుగు వచ్చిన మనవణ్ణో మనవరాలినో పిలిచి చెప్పాలి, ఇంకో నిమిషం. ఆ నిమిషంన్నర లేదంటాం, కేసు వాయిదా పడితే రోజంతా పోతుంది.

ఇన్సులిన్ ఇంకా ఘోరం. మన దగ్గర సీసాల్లో వచ్చేది ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల మందుకు నారింజ మూత సిరంజి వేరే ఉంది. డిశ్చార్జ్ రోజు కొడుకుని పిలిచి “ఇరవయ్యో గీత దాకా లాగు” అని చూపించి పంపిస్తాం. మెడికల్ షాపులో నారింజ మూతది చేతికిచ్చారనుకోండి, అదే ఇరవయ్యో గీత దగ్గర 40 సీసా మందు ఎనిమిది యూనిట్లే వస్తుంది. షుగర్ తగ్గదు. తర్వాతిసారి డాక్టర్ డోసు పెంచుతారు. అదే తిరగబడి 100 సీసా మందు ఎర్ర మూత సిరంజితో లాగితే ఇరవైకి బదులు యాభై పోతుంది, రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోతుంది. ఆ అబ్బాయి మనం చెప్పిందే చేశాడు. ఇప్పుడు నేను సీసా, సిరంజి రెండూ వాళ్ల చేత్తోనే నా ముందు పట్టించి, మూత రంగు వాళ్ల నోటితోనే చెప్పించి, ఒకసారి లాగి చూపించమంటాను. వెనక క్యూ పెరిగి గొణుగుతారు, గొణగనీ.

పై నుంచి మనకొచ్చే పని కూడా ఇలాగే వస్తుంది. రాత్రి ఫోన్‌లో ఆర్డర్లు. తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ అంకె దగ్గరికి రాగానే అందరం ఇంగ్లిష్‌లోకి పోతాం, ఫిఫ్టీనా, ఫిఫ్టీనా? ఒకటి పదిహేను, ఒకటి యాభై, ఫోన్‌లో రెండూ ఒకటే. రాసుకుని, తిరిగి చదివి వినిపించి, పదిహేను, ఒకటి అయిదు, అని విడగొట్టి చెప్పి అవునో కాదో అడగాలి. అలా చదివితే కొందరు చిన్న డాక్టర్లకు కోపం. “నేను చెప్పింది అర్థం కాలేదా సిస్టర్?” అర్థమైందో లేదో తేలడానికే కదా బాబూ చదివేది. పొటాషియం క్లోరైడ్ లాంటి మందు దగ్గర ఆ కోపాన్ని అస్సలు లెక్కచేయొద్దని మా పిల్లలకు చెప్తాను. ఆ చిన్న ఆంపూల్ పది మి.లీ.లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటుంది, సెలైన్‌లో కలిపి నిదానంగా ఎక్కించాల్సింది నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని మామూలు వార్డుల్లో ఇతర ఆంపూల్స్‌తో కలిపి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నుంచీ చెప్తోంది.

మనం పైకి చెప్పే తీరు మాత్రం ఏం గొప్ప? “సార్, అయిదో బెడ్డు పేషంట్ బాలేదు, ఒకసారి రండి.” బాలేదంటే ఏంటి? నిద్రమత్తులో ఉన్న డాక్టర్‌కి దాంట్లోంచి ఏం తెలుస్తుంది? ఎవరు, ఎందుకు చేరారు, నేను ఇప్పుడు ఏం చూశాను, మీరేం చేయాలని అనుకుంటున్నాను అన్న వరుసలో చెప్పే పద్ధతి అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లోంచి ఆసుపత్రుల్లోకి వచ్చింది, దాన్ని ఎస్‌బార్ అంటారు. సముద్రం అడుగున సిబ్బందికి అక్కరకొచ్చిన మాట తీరు మిర్యాలగూడ రోడ్డు పక్క వార్డుకు అక్కరకు రాదా? ఆఖరి ముక్క, మీరు వచ్చి చూడాలి అని గట్టిగా అనడం, మన అమ్మాయిల నోట రాదు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని పెంచుతాం కదా.

అన్నీ నేనే చేస్తాను అనే ఇన్‌చార్జ్ కూడా ప్రమాదమే అని చెప్పకపోతే అన్యాయం. నా మొదటి ఉద్యోగంలో హెడ్ సిస్టర్ బంగారం లాంటి మనిషి. పొద్దున ఏడున్నరకే వచ్చేది, పరుపుల మీద షీట్ ముడత కూడా తనే సరిచేసేది. మందుల అల్మారా తాళాలు బొడ్లో దోపుకునేది, ఎవరికీ ఇచ్చేది కాదు, ఎవరైనా తీస్తే లెక్క తప్పుతుందని. ఒక మధ్యాహ్నం ఆమె స్టోర్‌కి వెళ్లినప్పుడు సెఫ్‌ట్రియాక్సోన్ సూది వేసిన పేషంట్‌కి రియాక్షన్ వచ్చింది. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందడం లేదు, బీపీ పడిపోతోంది. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్, తొడ కండలోకి, నిమిషాల్లో. అది అల్మారాలో ఉంది, తాళం ఆమె బొడ్లో ఉంది. నేను పక్క వార్డుకు ఉరికి తెచ్చాను. బతికాడు. ఆమె వచ్చి, విషయం తెలిసి, అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. వారం తర్వాత ఎమర్జెన్సీ ట్రే అల్మారా బయటికొచ్చింది గానీ తాళాలు మళ్లీ బొడ్లోకే వెళ్లాయి. ఆమెకు మా మీద నమ్మకం లేక కాదు, ఏదైనా తగ్గితే మెమో తనకొస్తుందని భయం. పై వాళ్లు ఆమెను భయపెట్టారు, ఆమె అల్మారాకు తాళం వేసింది. నన్ను భయపెట్టారు, నేను ఆయమ్మ మీద అరిచాను. ఆయమ్మ అబద్ధమాడింది.

1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల అక్కడి ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని లెక్క వేసినప్పుడు పెద్ద గోల అయింది. ఆ నివేదికలో నాకు అంకె కంటే ముఖ్యం అనిపించింది ఇంకోటి. ఎక్కువ పొరపాట్లకు చెడ్డ మనుషులు కారణం కాదు, పని జరిగే ఏర్పాటు కారణం, మనిషిని శిక్షించి ఊరుకుంటే ఆ పొరపాటు ఇంకొకరి చేతి మీదుగా మళ్లీ జరుగుతుంది అని. నేను ఇన్‌చార్జ్ అయిన మొదటి వారం పొరపాట్లు రాసే రిజిస్టర్ తెరిచి చూశాను. అట్ట మీద పేరు అందంగా రాసి ఉంది, లోపల ఒక్క ఎంట్రీ లేదు. అన్ని తెల్ల పేజీలు చూస్తే నాకు నిజంగా భయమేసింది.

స్టాఫ్ సరిపోరు మేడమ్, ఇన్ని నియమాలు ఎక్కడ కుదురుతాయి అంటారు. కుదరవు, ఒప్పుకుంటాను. టీచింగ్ ఆసుపత్రి, అంటే మెడికల్ కాలేజీకి ఉండే ఆసుపత్రి, దాని జనరల్ వార్డులో ముగ్గురు పేషంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత. పాలమూరులో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, అంటే ఆ ముగ్గురికి ఒకరు అన్న కొలతే ఇక మన వైపు మాట్లాడుకోవాల్సింది. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో అక్కడి పెన్సిల్వేనియా రాష్ట్ర ఆసుపత్రుల మీద వేసిన లెక్కలో తేల్చింది, నర్సు మీద ఒక్కో పేషంట్ పెరిగేకొద్దీ సర్జరీ పేషంట్లు ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని. కాబట్టి నోరు మంచిదైతే చాలు, మనుషులు అక్కర్లేదు అని ఏ ఆఫీసరైనా నా మాటలు వాడుకుంటే నేనే వెళ్లి కొట్లాడతాను. కానీ మనుషులు తక్కువున్న రాత్రే మాట తప్పుగా పోయేది. నలుగురం ఉన్న రోజు “జర చూడమ్మా” అన్నా ఇంకొకరి కంట పడి సరిపోయేది.

ఇంకోటి, చేయలేని పని ఇస్తే కాదనే హక్కు కింద వాళ్లకు ఉండాలి. ట్రైనింగ్ పిల్లల్ని చూడండి, రెండో సంవత్సరం అమ్మాయికి పదిహేను మంది ఇంజెక్షన్లు ట్రేలో పెట్టి “వేసి రా” అంటాం. రాదని చెబితే ఇంటర్నల్ మార్కులు గుర్తొస్తాయి పాపం. మొన్న ఒక పిల్ల పదకొండో బెడ్డుకు వేయాల్సిన యాంటీబయాటిక్ పన్నెండుకు వేసి, గజగజ వణుకుతూ నేరుగా నా దగ్గరికొచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్లు బిగబట్టి “ఎంతసేపయింది బిడ్డా, ఎంత పోయింది?” అని మాత్రం అడిగాను. డాక్టర్‌కి చెప్పాం, పేషంట్‌కీ వాళ్ల వాళ్లకీ చెప్పాం, ఆ మందు ఆయనకు పడుతుందో లేదో పాత కేస్ షీట్ తీసి చూశాం, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉన్నాం. ఏం కాలేదు. రిజిస్టర్‌లో రాశాం. ఆ రోజు ఇంటికెళ్లాక ఉప్మాలో ఉప్పు తక్కువైందని మా ఆయన మీద అరగంట అరిచాను, అంత మంచిదాన్నేం కాదు.

ఆయమ్మ ఇంకా పనిచేస్తోంది, రిటైర్మెంట్ దగ్గర పడింది. ఆమెకు అంకెలు నేర్పిద్దామని కొన్నాళ్లు చూశాను, ఆమెకు ఓపిక లేదు, నాకూ లేదు. ప్లాస్టిక్ కొలత జగ్గు ఒకటి తీసుకుని నూరు, రెండు వందలు, మూడు వందల గీతల మీద తెల్ల ప్లాస్టర్ పట్టీలు అంటించాను. మొన్న నైట్ డ్యూటీలో రెండు మంచాల అవతల నుంచి గొంతు వినిపించింది. “సిస్టరమ్మా, మూడో పట్టీకి జర కింద ఉంది. రాసుకుంటవా, పారబోయాలె?”